బెల్‌గ్రేడ్ వాకబు

అల్ఫారెట్టా, జార్జియా
మార్చి 8, 1981

అన్నయ్యకి,

నా చేతిరాత చూస్తే కవరు చింపకుండానే పారేస్తావని మీనాక్షి చేత అడ్రస్ రాయించాను. ఇంతవరకూ చదివావంటే సగం పని అయినట్టే.

ఆవిడ పోయినప్పుడు ఉత్తరం రాయలేదు. ఏం రాయాలో తోచలేదు. ఇప్పుడు ఆ సంగతి ఎత్తను.

సూటిగా విషయానికి వస్తాను. మా నళిని మీ చికాగోలోనే మెడిసిన్ చదువుతోంది. అక్కడ ఒక అబ్బాయితో పరిచయమైంది. పేరు మిలన్, సివిల్ ఇంజనీర్. తండ్రి రాడొవాన్ స్టీల్ మిల్లులో క్రేన్ ఆపరేటర్. పేరు వినగానే మీనాక్షి మనవాడే అనుకుని సంతోషపడింది. తీరా చూస్తే సెర్బులు. బెల్‌గ్రేడ్ నుంచి వచ్చినవాళ్ళు. పెళ్ళంటూ చేసుకుంటే అతన్నే అంటోంది.

పిల్లనిచ్చే ముందు వాకబు చెయ్యకుండా మన ఇంట్లో ఎవరూ ఇవ్వలేదు. హైదరాబాదులో అయితే ఒక మనిషిని పంపితే సాయంత్రానికి తాతముత్తాతల గుట్టంతా తెచ్చేవాడు. ఇక్కడ ఎవర్ని పంపను? బెల్‌గ్రేడ్‌లో ఏళ్ళ తరబడి మన ఎంబసీలో పనిచేసినవాడివి, వాళ్ళ భాష వచ్చినవాడివి, ఇప్పుడు వాళ్ళ పేటలోనే ఉంటున్నవాడివి. నీకంటే తగినవాడు లేడు. కాస్త డిస్క్రీట్‌గా ఎంక్వైరీ చేసి రాయి. వంశం ఎలాంటిది, తాగుతారా, ఇంట్లో పిచ్చి ఉందా, జైలుకెళ్ళినవాళ్ళున్నారా. ఫోన్ చేద్దామంటే నీకు ఫోనే లేదట.

ఇక్కడి కబుర్లు పెద్దగా లేవు. ఈ చలికాలం క్లినిక్‌లో దొంగలు పడి మందులు ఎత్తుకుపోయారు. అప్పట్నుంచి పడకగదిలో పిస్టల్ పెట్టుకుంటున్నాను. శనివారాలు వెళ్ళి ప్రాక్టీస్ చేస్తున్నాను. నేర్పేవాడు నా చెయ్యి అస్సలు వణకదంటాడు. సర్జన్ చెయ్యి కదా.

జవాబు కోసం చూస్తుంటాను.

తమ్ముడు,
దామోదర్


సౌత్ చికాగో
మార్చి 19, 1981

దామోదర్‌కి,

మీనాక్షి చేతిరాత బాగుంది. ఆ చేతిరాత లేకపోతే నీ ఉత్తరం నువ్వనుకున్న చోటికే వెళ్ళేది.

నువ్వు 'ఆవిడ' అన్న నా భార్యకి ఒక పేరుంది. దెసాంక. ఇక్కడికి దగ్గర్లోనే సెర్బుల శ్మశానంలో ఉంది. పక్కన నా చోటు కూడా కొనిపెట్టి పోయింది. మన వంశంలో ఎవరూ నాకు ఇంత ముందుచూపుతో ఏదీ ఇవ్వలేదు.

వాకబు చేస్తాను. నా పద్ధతిలో చేస్తాను. నేను లైబ్రరీ ఉద్యోగం మానినప్పట్నుంచి తెలుగులో బెల్‌గ్రేడ్ చరిత్ర రాస్తున్నాను. మొదటి అధ్యాయం హైదరాబాదులో ఒక సంపాదకుడికి పంపితే 'ఈ ఊరితో మన పాఠకులకి పనేమిటి?' అని రాసి తిప్పి పంపాడు. ఆయన పోయినేడు పోయాడు. సంతాపసభలో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదని తెలిసినవాళ్ళు రాశారు. ఇప్పుడు ఆ ఊరితో పనిపడ్డ పాఠకుడు నాకు ఒకడు దొరికాడు. వాడు నువ్వు కావడం నా అదృష్టం.

ఊరు తెలియకుండా ఇల్లు తెలియదు. విను. సావా, డాన్యూబ్ నదులు కలిసేచోట గుట్ట మీద తెల్లటి కోట. ఆ దారిన పోయిన ప్రతి సైన్యం ఆగి ఒకసారి తగలబెట్టి వెళ్ళింది. 1456లో టర్కీ సుల్తాను వచ్చి ముట్టడిస్తే కందకాలు శవాలతో నిండాయి. ఆ ఊరు నిలవాలని రోమ్‌లో పోప్ అన్ని చర్చీల్లో మధ్యాహ్నం గంట కొట్టమన్నాడు. మీ అల్ఫారెట్టాలో పన్నెండింటికి ఏ చర్చి గంటైనా మోగితే, నువ్వు శాండ్‌విచ్ తింటూ వింటున్నది ఆ ముట్టడినే.

అక్కడి నుంచి వంశాల దగ్గరికి వద్దాం, నీకు కావలసింది అదేగా. వాళ్ళ మొదటి తిరుగుబాటు నాయకుడు కరజార్జె, అంటే నల్ల జార్జి. పందుల వ్యాపారి. టర్కుల చేతి నుంచి బెల్‌గ్రేడ్‌ని గుంజుకున్నవాడు. వయసులో ఉన్నప్పుడు ఊరు విడిచి పారిపోతూ, వెంట రానని మొండికేసిన తండ్రిని చంపాడు. తనే కాల్చాడని కొందరు, కాల్పించాడని కొందరు. సవతి తండ్రి అని ఇంకొందరు. తరవాత నాయకుడయ్యాక, సొంత తమ్ముడు ఒక ఆడపిల్లని చెరిచాడని ఫిర్యాదు వచ్చింది. తమ్ముణ్ణి ఇంటి గుమ్మానికే ఉరితీయించాడు. ఏడవడానికి వీల్లేదని తల్లికి చెప్పాడట. చివరికి అతణ్ణి కూడా నమ్మినవాళ్ళే నిద్రలో గొడ్డలితో నరికారు. తల అప్పటికి మళ్ళీ బెల్‌గ్రేడ్‌ని ఏలుతున్న టర్కీ పాషాకి, అక్కణ్ణుంచి ఇస్తాంబుల్‌కి వెళ్ళింది.

ఆ మనిషిలో మెచ్చుకోవలసింది నాకు ఒక్కటే కనపడుతుంది. ఆడదాని ఒంటిమీద చెయ్యివేసిన తమ్ముణ్ణి ఏం చెయ్యాలో ఆ అన్నకి తెలుసు.

ఈ ఆదివారం రాడొవాన్ ఇంటికి వెళ్తున్నాను. పిస్టల్ కొన్నందుకు సంతోషం. నీ చెయ్యి వణకదన్న సంగతి నీకు నేర్పేవాడికంటే ముందే నాకు తెలుసు. ఆ రోజు మెట్ల దగ్గర కూడా వణకలేదట.

కొండల్ రావు


అల్ఫారెట్టా
ఏప్రిల్ 2, 1981

అన్నయ్యా,

నేను అడిగింది ఒకటి, నువ్వు రాసింది ఒకటి. అయినా రెండుసార్లు చదివాను. ఈ కరజార్జె వీళ్ళకి ఏమవుతాడో నువ్వు రాయలేదు. డైరెక్ట్ వంశమా, దూరపు చుట్టమా? నాకు అది ముఖ్యం. టెస్లా కూడా వాళ్ళవాడేనని ఎన్‌సైక్లోపీడియాలో చూశాను. ఆయన బూడిద బెల్‌గ్రేడ్‌లోనే ఉందట. ఆయనతో ఏదైనా చుట్టరికముంటే కనుక్కో. మనవాళ్ళకి చెప్పుకోవడానికి బాగుంటుంది.

ఇక్కడ గొడవైంది. నళిని సెలవులకి వచ్చింది. తండ్రుల్ని చంపుకున్న జాతిలోకి పోతావా అని అడిగాను. 'ఎవరు చెప్పారు డాడీ నీకు ఇది?' అంది. మీ పెదనాన్న అన్నాను. నవ్వింది. ఇంతసేపూ ఓర్చుకున్నవాణ్ణి ఆ నవ్వుకి ఓర్చుకోలేకపోయాను. కొట్టాను. పెదవి చిట్లింది. నేనే కుట్టు వేస్తానంటే దగ్గరికి రానివ్వలేదు. కార్ తాళాలు లాక్కుంటే పక్కింటి అమ్మాయిని పిలిచి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళిపోయింది. నేను ఫోన్ చేస్తే పెట్టేస్తోంది. తల్లితోనే మాట్లాడుతుంది.

మెట్ల సంగతి ఎందుకు తవ్వుతావు? నాయిన చెప్పాడు, చేశాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. నాయిన మాట కాదన్నవాడు ఆ ఇంట్లో నువ్వొక్కడివే.

వాకబు సంగతి తేల్చు.

దామోదర్


సౌత్ చికాగో
ఏప్రిల్ 14, 1981

దామోదర్‌కి,

టెస్లా ఆ ఊళ్ళో బతికుండగా కాలుపెట్టింది ఒక్కసారి, రెండు రోజులు కూడా నిండలేదు. చచ్చాక మాత్రం స్థిరపడ్డాడు. ఆయన పెళ్ళే చేసుకోలేదు కాబట్టి నీ వియ్యంకుడికి ఆ వైపు నుంచి ఆశ లేదు.

నళిని మొన్న నా దగ్గరికి వచ్చింది. అడ్రస్ తల్లి ఇచ్చిందట. పెదవి మీద కుట్టు, చేతిలో నాకోసం అరటిపళ్ళు. పుట్టాక ఆ పిల్లని చూడటం అదే మొదలు. తలుపు తియ్యగానే అంది: 'పెదనాన్న, డాడీ నన్ను హిట్ చేశాడు. అది నీ హిస్టరీ వల్ల.'

'నా చరిత్ర నీ కంటే ముందు చాలామందిని కొట్టించింది, కూర్చో' అన్నాను. కూర్చుంది. దెసాంక ఫోటో చూసి 'ఈమె నా పెద్దమ్మనా? నాకు ఎవరూ చెప్పలేదు' అంది. కాబట్టి నేను చెప్పాను. నీకూ చెప్తాను. కాగితం మీద ఎవరూ పెట్టలేదు కాబట్టి నేను పెడుతున్నాను.

1955, ఆగస్టు. సుల్తాన్ బజార్‌లో మన ఇల్లు. నేను బదిలీ పని మీద ఢిల్లీ వెళ్ళాను. నేను లేనప్పుడు దెసాంక మేడ మీది వంటింట్లోకి వచ్చి తాగడానికి నీళ్ళు ముంచుకుంది. అంతే ఆమె చేసింది. నాయిన గదిలోంచి అన్నాడు: 'దాన్ని బయటికి గుంజురా.' నువ్వు జుట్టు పట్టుకుని మెట్ల మీంచి గుంజావు. మూడో నెల ఆమెకి. కింద వాకిట్లో పడి రక్తం పోతోంటే నువ్వు తలుపు గడియ వేశావు. మెడిసిన్ ఆఖరి సంవత్సరంలో ఉన్నావు అప్పుడు. రక్తం ఎందుకు పోతోందో ఆ ఇంట్లో తెలిసినవాడివి నువ్వొక్కడివే. పక్కింటి ఖాదర్ బేగం బురఖా కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఆ తరవాత దెసాంకకి పిల్లలు లేరు.

నీళ్ళ కోసం. బెల్‌గ్రేడ్‌లో కూడా 1862లో ఒక కుళాయి దగ్గర నీళ్ళకోసం తగాదా వచ్చి టర్కీ సిపాయి ఒక కుర్రాణ్ణి చంపాడు. దానికి ఊరంతా లేచింది, కోటలోంచి ఊరి మీదికి ఫిరంగులు పేలాయి, అయిదేళ్ళు తిరిగేసరికి టర్కులు కోట తాళాలు ఇచ్చేసి వెళ్ళిపోయారు. మన సుల్తాన్ బజార్‌లో ఎవరూ లేవలేదు.

ఇక నీ వాకబు. రాడొవాన్ ఇంటికి వెళ్ళాను. పొట్టి మనిషి, పెద్ద చేతులు, భార్య లేదు. ప్లమ్ పళ్ళ సారా పోశాడు.

'మీ తమ్ముడు మా గురించి ఏం అడిగాడు?' అన్నాడు.

'మీరు తాగుతారా అని.'

'నువ్వేం రాస్తున్నావు?'

'మీ ఊరి చరిత్ర.'

'అది చాలా పొడుగు కదా. తాగుతాం అని రాసెయ్యి, టూకీగా పోతుంది.'

మిలన్ కూడా ఉన్నాడు. మాట తక్కువ. తండ్రి గ్లాసు మూడోసారి నింపుకోబోతే సీసా తీసి బీరువాలో పెట్టాడు.

వాళ్ళ హాల్లో ఒక పాత ఫోటో ఉంది. రాడొవాన్ తాత. యూనిఫాం, మీసాలు, తుపాకీ. 1903లో, ఊరి చరిత్రలో పేరుమోసిన ఆ రాత్రి, ఆయన రాజభవనంలో ఉన్నాడు. ఏ రాత్రి అంటావా. అప్పటి రాజు అలెగ్జాండర్, ఇరవై ఆరేళ్ళవాడు. నీకు మెట్ల దగ్గర ఎంత వయసో అంత. తనకంటే పెద్దదాన్ని, విధవని, తల్లి కొలువులో పనిచేసిన ద్రాగాని పెళ్ళిచేసుకున్నాడు. ఊరు క్షమించలేదు. రాణికి పిల్లలు పుట్టరని గుసగుసలు. ఆమెకి ఎందుకు పుట్టలేదో నాకు తెలియదు. దెసాంకకి ఎందుకు పుట్టలేదో తెలుసు.

జూన్ నెలలో ఒకరాత్రి రాజుగారి సొంత సైన్యాధికారులే భవనంలో జొరబడ్డారు. డైనమైట్‌తో తలుపు పేలిస్తే కరెంటు పోయింది. కొవ్వొత్తులు పట్టుకుని గదిగదీ వెతికారు. రాణి బట్టలు ఇస్త్రీ చేసే చిన్న గదిలో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నుంచున్నారు. దొరికారు. మొదట పిస్టళ్ళతో, తరవాత కత్తులతో. చచ్చినవాళ్ళని కూడా నరికారు. రెండు శవాలనీ కిటికీలోంచి తోటలోకి విసిరేశారు. రాణి అన్నదమ్ములిద్దర్నీ ఆ రాత్రే కాల్చారు. తెల్లారి ఊళ్ళో బ్యాండు వాయించారు.

ఆ భవనంలో ఆ రాత్రి తుపాకీతో నుంచున్నవాడి మునిమనవడు నీ అల్లుడు కాబోతున్నాడు. వాకబు అంటే ఇదే.

కొండల్ రావు


అల్ఫారెట్టా
మే 3, 1981

అన్నయ్యా,

నీ ఉత్తరం మీనాక్షికి చూపించలేదు. నళిని నీ దగ్గరికి వచ్చి వెళ్తోందని మాత్రం చెప్పాను.

మెట్ల సంగతి పిల్లకి చెప్పడానికి నీకు హక్కు లేదు. చెప్పావు. ఇక ఆ పిల్ల నా మొహం చూడదు.

మొదట ఈ పెళ్ళి జరగదని తేల్చేశాను. హంతకుడి మునిమనవడికి పిల్లనివ్వను అన్నాను. నళిని తల్లితో ఏమందంటే, 'మమ్మీ, డాడీ కూడా ఒకసారి ఏం చేశాడో అడుగు.' మీనాక్షి నన్ను అడగలేదు. అన్నం తినడం మానేసింది. ఆమె ఏ రోజూ నా మాటకి ఎదురుచెప్పిన మనిషి కాదు. నాలుగు రోజులకి నేనే ఒప్పుకున్నాను.

జూన్ 14 ఆదివారం. మా ఇంట్లో పొద్దున మన పద్ధతిలో మంగళసూత్రం, తరవాత అట్లాంటాలో వాళ్ళ చర్చిలో వాళ్ళ పద్ధతి. అట్లాంటా నుంచి పురోహితుడు వస్తాడు. ఇంటి ముందు పైన్ చెట్ల కింద టెంట్ వేయిస్తున్నాను. నువ్వు రావాలి. పెదనాన్నవి.

ఒక్కటి చెప్పు. వాళ్ళు పెళ్ళికూతురి ఇంటికి ఎలా వస్తారు, ఎంతమంది వస్తారు, ఏమైనా ఆచారాలుంటాయా? మనం ఎదుర్కోలు పళ్ళెం పట్టుకుని నుంచుంటే వాళ్ళు ఇంకేదో చేస్తే నలుగురిలో బాగుండదు. వాళ్ళనే అడగొచ్చు, కానీ అడిగితే చులకనవుతాను. నువ్వు రాయి.

దామోదర్


సౌత్ చికాగో
మే 18, 1981

దామోదర్‌కి,

నిన్న రాడొవాన్, నళిని, మిలన్ ముగ్గురూ నా దగ్గరికి వచ్చారు, పెళ్ళి మాటలకి. రాడొవాన్ టై కట్టుకొచ్చాడు. పెళ్ళికూతురి ఇంటి దగ్గర వాళ్ళు చేసేది నాకు వివరంగా చెప్పి, 'ఇది మీ తమ్ముడికి మీరే రాయండి. మా ఇంగ్లీషుతో అయితే తప్పు అర్థమవుతుంది' అన్నాడు. నళిని కూడా అంది, 'పెదనాన్న, ప్లీజ్ నువ్వు రాయి, నేను మాట్లాడను డాడీతో.' రాస్తానన్నాను.

రాస్తున్నాను. వాళ్ళు పెళ్ళికూతురి ఇంటికి తుపాకులతో వస్తారు. నీ గుమ్మం ముందు తుపాకీ పేలనిదే పిల్లని తీసుకుపోరు. పెళ్ళికొడుకే పేలుస్తాడు. తగిలేదాకా పేలుస్తాడు. అది వాళ్ళ మర్యాద.

ఎదుర్కోలు పళ్ళెం పెట్టుకో, అభ్యంతరం లేదు.

ఇక చరిత్ర. 1941, ఏప్రిల్ 6, ఆదివారం. హిట్లర్ విమానాలు బెల్‌గ్రేడ్ మీదికి వచ్చాయి. వాళ్ళ జాతీయ గ్రంథాలయం తగలబడి వందల ఏళ్ళ రాతప్రతులు బూడిదయ్యాయి. కాలిన కాగితం ముక్కలు ఊరి మీద మంచులా పడ్డాయని దెసాంక చెప్పేది. ఆమెకి అప్పుడు పదిహేనేళ్ళు. 1944లో వాళ్ళ ఈస్టర్ పండగనాడు మళ్ళీ విమానాలు వచ్చాయి. ఈసారి అమెరికావి. దెసాంక తల్లి రొట్టెల దుకాణం వరసలో నుంచునే పోయింది. అయినా దెసాంక ఈ దేశంలోనే ఉండిపోయింది. 'వాళ్ళు పైనుంచి చూడకుండా వేశారు. మీ వాళ్ళు మొహం చూసి చేశారు' అనేది.

ఆ రెండు దాడుల మధ్య ఊళ్ళో జర్మన్లు పట్టపగలే మనుషుల్ని ఉరితీసి దీపస్తంభాలకి వేలాడదీశారు. జనం ఆ కింద నుంచే కూరగాయలకి వెళ్ళి వచ్చేవారు. నువ్వు ఎదుర్కోబోయేది అలాంటి ఊరివాళ్ళని. పచ్చడి జాడీలు, పూలదండలు చూసి బెదిరేవాళ్ళు కారు.

నేను పెళ్ళికి రాను. నా ఇంటికి నువ్వు వచ్చిన రోజు నీ ఇంటికి నేను వస్తాను. నాది శ్మశానం పక్కనే, దారి కష్టం కాదు.

కొండల్ రావు


అల్ఫారెట్టా
మే 29, 1981

అన్నయ్యా,

ఇది జోక్ అయితే నాకు అర్థం కాలేదు. తుపాకులేమిటి? ఎవరికి తగిలేదాకా పేలుస్తాడు? మా ఇంటికి వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు, పిల్లలు ఉంటారు. పురోహితుడు కృష్ణమూర్తిగారికి బీపీ.

నువ్వు రాసిందంతా తీసి మళ్ళీ చదివాను. గొడ్డలి, కిటికీ, ఉరి. ఇలాంటివాళ్ళని ఇంటి ముందుకి పిలిచాను. నళినికి మెట్ల సంగతి తెలుసు. మిలన్‌కీ చెప్పే ఉంటుంది. వాళ్ళల్లో ఆడదాని మీద చెయ్యివేసినవాణ్ణి ఏంచేస్తారో నువ్వే రాశావు, గుమ్మానికే ఉరి అని. పెళ్ళి పేరుతో వాళ్ళు వచ్చేది దీనికేనా? నువ్వు పంపిస్తున్నావా వాళ్ళని?

నిద్ర పట్టడం లేదు. మీనాక్షితో చెప్పలేను. ఆమె లడ్డూలు చేయిస్తోంది. పోలీసుల్ని పిలిస్తే పెళ్ళి ఆగిపోతుంది, నలుగురూ నవ్వుతారు. నువ్వు ఒక్క మాట రాయి. ఎవరి మీద పేలుస్తారు?

వెంటనే రాయి.

దామోదర్


సౌత్ చికాగో
జూన్ 5, 1981

దామోదర్‌కి,

నీకు నిద్ర పట్టడం లేదన్న సంగతి చదివి చాలాసేపు ఉత్తరం చేతిలోనే పెట్టుకున్నాను.

ఇరవై ఆరేళ్ళ కిందట ఒక మనిషి మన వాకిట్లో పడి, లోపలివాళ్ళు మళ్ళీ వస్తారేమో, వస్తే ఏంచేస్తారో తెలియక గడియ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆమెకి ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. తెలుగు కూడా రాదు ఆమెకి.

నువ్వు కూడా తలుపు వైపు చూస్తూ కూర్చో. పెళ్ళిరోజు దాకానే కదా.

నేను రాసినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. తారీఖులు ఏ పుస్తకంలోనైనా సరిచూసుకో.

నళిని మొన్న అడిగింది, 'డాడీకి రాశావా పెదనాన్న, అదంతా?' అని. రాశానన్నాను. రాశాను కదా.

కొండల్ రావు


కౌంటీ జైలు, జార్జియా
జులై 6, 1981

అన్నయ్యా,

నీకు పేపర్లో తెలిసే ఉంటుంది. పేపర్లో లేనిది రాస్తాను. లాయరు ఎవరికీ ఏమీ రాయొద్దన్నాడు. నువ్వు ఎవరికీ చూపించవని కాదు, చూపిస్తే చూపించుకో.

ఆ రోజు పొద్దున పళ్ళెం, పన్నీరుబుడ్డి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నేను పంచె కట్టుకుని పైన పడకగదిలో ఉన్నాను. ట్రక్‌లో నలుగురు కుర్రాళ్ళు ముందే వచ్చారు, తాగి పాడుతూ. ఒకడు దిగగానే మా కిటికీ పక్కనున్న పైన్ చెట్టు ఎక్కడం మొదలుపెట్టాడు. నా కిటికీ దాకా వచ్చాడు. మొహం కనపడింది, నన్ను చూసి నవ్వాడు. కింద చూస్తే మిలన్, సూటు వేసుకుని, చేతిలో పొడుగాటి తుపాకీ. పైకి గురిపెట్టాడు, నా వైపు. కిటికీలోంచి విసిరేశారని నువ్వు రాసింది గుర్తొచ్చింది. ఇంకేమీ గుర్తు రాలేదు.

నా చెయ్యి వణకలేదు.

తరవాత నాకు తెలుస్తున్నది ఏమిటంటే, నేను కింద గడ్డిలో మోకాళ్ళ మీద ఉన్నాను. మిలన్ తొడ పైభాగంలో పెద్ద రక్తనాళం తెగింది. నా వేళ్ళు లోపల పెట్టి పట్టుకున్నాను. పంచె, చేతులు, వాడి సూటు, అంతా ఒకటే ఎరుపు. నళిని పెళ్ళిచీరలోనే వచ్చి వాడి తల ఒళ్ళో పెట్టుకుంది. వాడు నన్ను చూస్తూ అన్నాడు: 'అంకుల్, నేను ఇంకా కాల్చలేదు.' తప్పు తనదేమో అన్నట్టు అన్నాడు. రెండుసార్లు అన్నాడు. అంబులెన్స్ వచ్చేదాకా నేను వేళ్ళు తియ్యలేదు. వాళ్ళు వచ్చి తియ్యమన్నారు. అప్పటికే పోయాడు, నాకు తెలుసు, అయినా తియ్యలేదు. వాళ్ళే లాగారు.

సుల్తాన్ బజార్ వాకిట్లో ఆ రోజు వదినని నేను ముట్టుకోలేదు. ఆమెని వదిన అనడం ఇదే మొదటిసారి. నాకు తెలుసు.

నళిని నన్ను అడిగింది ఒక్కటే. పోలీసులు నా చేతులకి బేడీలు వేస్తుంటే దగ్గరికి వచ్చి, 'డాడీ, ఆపిల్ గురించి పెదనాన్న రాయలేదా?' అంది. ఏ ఆపిల్ అన్నాను. పైకి చూపించింది. చెట్టు కొమ్మకి దారంతో కట్టి ఉంది. ఎర్రటిది. కిటికీకి ఎదురుగానే. నేను మనిషిని చూశాను, తుపాకీని చూశాను, దాన్ని చూడలేదు.

రాడొవాన్ కోర్టుకి వచ్చాడు. లాయరు ద్వారా అడిగించాను, మీ తాత 1903లో ఎంతమందిని చంపాడని. ఆయన చెప్పింది లాయరు నాకు చెప్పాడు. వాళ్ళ తాత చంపినవాళ్ళలో లేడు. గేటు దగ్గర కాపలా సిపాయి. అధికారుల్ని లోపలికి వెళ్ళనివ్వనని అడ్డం నుంచుంటే మొట్టమొదట కాల్చింది ఆయన్నేనట. ప్రతి జూన్‌లో ఆ ఇంట్లో ఆయన పేరున కొవ్వొత్తి వెలిగిస్తారట. నీకు తెలుసు ఇది. హాల్లో ఫోటో కింద కొవ్వొత్తి ఉంటుందట కదా.

నేను చేసింది నేను చేశాను. దానికి జైల్లో ఉన్నాను. నీ ఉత్తరాలు లాయరు దగ్గర ఉన్నాయి, ఇంగ్లీషులోకి మార్పిస్తున్నాడు. మార్చేవాడు ఇందులో నేరమేమీ కనపడలేదని చెప్పాడట.

మేలో నేను ఒక ప్రశ్న అడిగాను, ఎవరి మీద పేలుస్తారు అని. దానికి జవాబు ఇప్పటికీ రాలేదు.

దామోదర్


సౌత్ చికాగో
జులై 20, 1981

తమ్ముడూ,

మిలన్‌ని దెసాంక ఉన్న శ్మశానంలోనే పెట్టారు, రెండు వరసల అవతల. నేను చెట్టు వెనక నుంచున్నాను. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు.

నళిని ఒక్కసారి వచ్చింది. లోపలికి రాలేదు. గుమ్మంలో నుంచునే మాట్లాడింది. 'యు నో, పెదనాన్న, నువ్వు అబద్ధం చెప్పలేదు. డాడీ కూడా అదే అంటాడు, నేను చూసింది నిజమే అంటాడు. మీరిద్దరూ ట్రూత్ చెప్తారు.' దెసాంక ఫోటో తనకి ఇవ్వమంది. ఇచ్చాను. 'నువ్వు ఈమె కోసం చేశావు అనుకుంటున్నావు కదా. ఈమెని అడిగావా?' అంది. వెళ్ళిపోయింది. ఊరు మారుతోందట. ఎక్కడికో తల్లికి కూడా చెప్పలేదు.

ఫోటో ఉన్నచోట గోడ మీద తెల్లటి చతురస్రం ఒకటి మిగిలింది. పుస్తకం రాత ఆపేశాను. రాసినంతవరకూ అట్టపెట్టెలో కట్టి కింద పెట్టాను. ఆ సంపాదకుడు అడిగిన ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదని ఇన్నాళ్ళకి ఒప్పుకోవలసి వచ్చింది.

మొన్న రాడొవాన్ వచ్చాడు. కొడతాడనుకుని తలుపు పూర్తిగా తీశాను. కొట్టలేదు. చేతిరుమాల్లో చుట్టినది తీసి నా బల్లమీద పెట్టాడు. పోలీసులు చెట్టుమీంచి దింపి ఇచ్చారట. ముడతలు పడింది, ఒక పక్క మెత్తబడింది. బెజ్జం ఎక్కడా లేదు. 'ఇది మా ఇంట్లో ఉంచుకోలేను' అన్నాడు. తరవాత అడిగాడు:

'ఆ రోజు నేను చెప్పింది మీ తమ్ముడికి రాశారా?'

'లేదు' అన్నాను.

తల ఊపి వెళ్ళిపోయాడు. మెట్లు దిగుతుంటే గోడ పట్టుకున్నాడు.

నువ్వు మేలో అడిగిన ప్రశ్నకి జవాబు రాస్తున్నాను. రాడొవాన్ చెప్పింది చెప్పినట్టు.

పెళ్ళివారు పెళ్ళికూతురి ఇంటికి వచ్చేసరికి, ఇంటి ముందు అన్నిటికంటే ఎత్తుగా ఉన్న కొమ్మకి ఒక ఆపిల్ కడతారు. పెళ్ళికొడుకు దాన్ని కాల్చి పడగొట్టాలి. పడగొట్టినవాడికే పిల్లని ఇస్తారు. మొదటిసారి చాలామందికి తగలదు, అందరూ నవ్వుతారు, ఎన్నిసార్లయినా కాల్చనిస్తారు. కొందరు ముందే దారం తెగేలా కత్తితో గీసి పెడతారు, పెళ్ళికొడుకు పరువు పోకుండా. ఎవరికీ దెబ్బ తగలదు. మనుషుల్ని పక్కకి జరగమని చెప్పడం పెళ్ళికూతురి తండ్రి పని. ఆయన చెట్టు కిందికి వచ్చి నుంచుని, ఆపిల్ పడగానే తీసి, తన చేత్తో పెళ్ళికొడుక్కి ఇవ్వాలి. అంతే.

అన్నయ్య